ఇంటి చదువులో ఇంగ్లిష్ స్పెల్లింగ్: సూరత్ తెలుగు పిల్లలకు ఏ ఫోనిక్స్ పద్ధతి అనుకూలం?

సూరత్ వస్త్ర పరిశ్రమను నమ్ముకుని తెలంగాణ నుంచి వలస వెళ్లిన కుటుంబాల పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో గుజరాతీ, హిందీ వినిపిస్తాయి. నగరపాలక సంస్థ అక్కడ తెలుగు మాధ్యమ ప్రాథమిక పాఠశాలలూ నడుపుతోంది. ఇంటివద్దే చదివించదలచిన వారికి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో 3, 5, 8 తరగతులకు సమానమైన ఎ, బి, సి స్థాయిలు ఉన్నాయి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ మాత్రం ఇంటి గురువులకు కొరకరాని కొయ్యే.

తెలుగులో దాదాపు పలికినట్టే రాస్తాం. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలే సుమారు 44 ధ్వనులను మోయాలి. 'సీ' అనే పలుకును ఎస్-ఇ-ఇ అని రాస్తే చూడడం, ఎస్-ఇ-ఎ అని రాస్తే సముద్రం. ధ్వనిని అక్షరంతో ముడిపెట్టే ఫోనిక్స్ పద్ధతులు ఈ చిక్కును తలా ఒక తీరున విప్పుతాయి.

1992లో బ్రిటన్‌లో వెలువడిన జాలీ ఫోనిక్స్ 42 ధ్వనులను సైగలతో నేర్పుతుంది. ఎస్, ఎ, టి, ఐ, పి, ఎన్‌లతో మొదలవుతుంది గనుక పిల్లలు త్వరగానే చిన్న మాటలు కూడబలుక్కుంటారు. నియమానికి లొంగని మాటలను 'ట్రిక్కీ వర్డ్స్'గా విడిగా గుర్తుపెట్టుకోవాలి. నాలుగైదేళ్ల పిల్లలకు ఇదే తేలిక.

రొమాల్డా స్పాల్డింగ్ 1957లో అమెరికాలో ప్రచురించిన పద్ధతి రాతతో మొదలవుతుంది. 70 ఫోనోగ్రామ్‌లు, వాటిపై స్పెల్లింగ్ నియమాలు ఉంటాయి. పెద్దలు మాట చెబితే పిల్లలు దాన్ని ధ్వనులుగా విడగొట్టి నోటుపుస్తకంలో రాయాలి. ఫలితం గట్టిదే గానీ, నేర్పేవారు ముందు తామే విద్యార్థులు కావాలి. రోజంతా పనిలో ఉండే తల్లిదండ్రులకు అది చిన్న భారం కాదు. ఏడు స్థాయిల ఆల్ అబౌట్ స్పెల్లింగ్‌లో అక్షరాల బిళ్లలతో పాటు, ఏ పాఠంలో ఏమి చెప్పాలో కూడా రాసి ఉంటుంది. ఆరేడేళ్లు దాటి, చదవడం వచ్చీ రాతలో తడబడే పిల్లలకు ఇది మేలు.

ఇవేవీ తెలుగు నాలుకను దృష్టిలో ఉంచుకుని తయారైనవి కావు. మనకు మాట చివర అచ్చు పలికే అలవాటు. బస్ బస్సవుతుంది, బుక్ బుక్కవుతుంది. బి అక్షరాన్ని 'బ' అని నేర్పితే తరువాతి ధ్వనితో కలవదు. 'బ్' అని పొల్లుగా పలికించాలి. మరోవైపు, గుజరాతీ లిపిలో లేని ఎ, ఏల భేదం తెలుగు పిల్లలకు ముందే తెలుసు. 'పెన్'కూ, నొప్పి అనే అర్థమున్న 'పెయిన్'కూ తేడా వారి చెవికి సులువుగా అందుతుంది. అసలు కష్టం 'వెట్' దగ్గర. వి-తో రాస్తే పశువైద్యుడు, డబ్ల్యూ-తో రాస్తే తడి. తెలుగులో రెండూ 'వ'కారమే గనుక వినికిడి ఒక్కటే చాలదు. మొదటి దానికి పై పళ్లు కింది పెదవిని తాకడం, రెండో దానికి పెదవులు గుండ్రంగా ముడుచుకోవడం అద్దంలో చూపించాలి.