పదేండ్లు నిండని పాతాళ స్టేషను

లండను నగరమున, థేమ్సు నది ఉత్తరపు టొడ్డున, కింగ్ విలియం వీధివద్ద నేల అడుగున ఒక రైలు స్టేషను ఉండెడిది. లోతైన సొరంగములో విద్యుచ్ఛక్తితో నడచిన మొదటి రైలుమార్గమునకు అది ఉత్తరపు కొస. 1890 నవంబరు 4న వేల్సు యువరాజు ఆ మార్గమును ప్రారంభించెను. డిసెంబరు 18న ప్రజలకు తెరచిరి. 1900 ఫిబ్రవరిలోనే స్టేషను మూతపడెను. ఇంతటి కీర్తిగల స్టేషను పదేండ్లయినను నిలువకపోవుటకు కారణమేమి?

మార్గమును నిర్మించిన ఇంజనీరు జేమ్స్ హెన్రీ గ్రేట్‌హెడ్. 1886లో పని మొదలయ్యెను. నది అడుగున మట్టిని తొలుచుటకు ఆయన 'కవచము' అను సాధనమును వాడెను. అది పెద్ద ఇనుప గొట్టము వంటిది. కూలీలు దాని లోపల నిలిచి ఎదుటి మన్ను త్రవ్వుదురు. నీటి పీడనముతో పనిచేయు జాకీలు దానిని ముందునకు నెట్టును. వెనుక మిగిలిన ఖాళీలో పోతయినుప వలయములు బిగింతురు. మన్ను కూలునను భయము తగ్గును.

అయితే మొదట తలచినది విద్యుచ్ఛక్తి కాదు. ఎడతెగక తిరుగుచుండు ఉక్కుమోకును పట్టుకొని బండ్లు సాగవలెనని వారి ఏర్పాటు. మోకు లాగునప్పుడు బండి ఇంజను బరువును మోయనక్కరలేదు. చక్రములు పట్టాపై జారునను చింతయు లేదు. కావున గట్టి ఎగుడైనను బాధ లేదనుకొనిరి. పైనున్న ఇండ్ల యజమానులకు సొమ్ము చెల్లింపకుండుటకై సొరంగములను వీధుల కిందనే నడిపిరి. అందుచేత నది దాటిన మార్గము గట్టిగా వంగి, నిట్టెక్కుగా స్టేషను చేరెను. సొరంగపు వ్యాసము 10 అడుగుల 2 అంగుళములు మాత్రమే.

1888లో మోకు ఏర్పాటు చేయవలసిన కంపెనీ దివాలా తీసెను. అప్పుడు విద్యుచ్ఛక్తిని ఎన్నుకొనిరి. శక్తి మారెను గాని, త్రవ్విన సొరంగపు వంపు మారలేదు.

డైనమోలు దక్షిణపు కొసనున్న స్టాక్‌వెల్‌లో, సుమారు 3 మైళ్ల దూరమున ఉండెను. ప్రవాహము దూరము పోవుకొలది నిరోధమువలన వోల్టేజి తగ్గునని విద్యార్థు లెరుగుదురు. 500 వోల్టులతో బయలుదేరిన విద్యుచ్ఛక్తి ఈ కొసకు చేరునప్పటికి క్షీణించెడిది. అనగా ఎగుడు ఎచట ఎక్కువో, ఇంజనుకు బలము అచటనే తక్కువ! ఒక్కొక్కప్పుడు బండి ఎక్కలేక వెనుకకు జారి, మరల ఊపందుకొని ప్రయత్నింపవలసివచ్చెడిది.

స్టేషనులో మొదట ఒక్క పట్టాల జంటయే ఉండెను. 1895లో రెండవది వేసిరి. అయినను ఇరుకు తీరలేదు. చివరకు నది కింద వేరు సొరంగములు త్రవ్వి, మార్గమును మూర్‌గేటు వరకు పొడిగించి, పాత స్టేషనును విడిచిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అది బాంబుల నుండి జనులకు ఆశ్రయమయ్యెను. దక్షిణపు భాగము మాత్రము, సొరంగములు వెడల్పు చేయబడి, నేటికిని నార్తరన్ లైనులో భాగముగా నడచుచున్నది.

స్టేషనును మూయించినది విద్యుచ్ఛక్తి లోపము కాదు. మోకుకై గీసిన దారిలో మోటారును నడుపవలసివచ్చుటయే దాని చిక్కు.