దిగంబరత్వము, దేహస్వాస్థ్యము: ఒక పాశ్చాత్య సంప్రదాయపు వార్ధక్యము

1891వ సంవత్సరమున బొంబాయి సమీపమందలి ఠాణేలో చార్లెస్ క్రాఫర్డ్ అను ఆంగ్ల న్యాయాధికారి ఒక చిన్న సంఘమును స్థాపించెను. వస్త్రములు విడిచి కూడి కాలము గడుపుటయే దాని నియమము. సభ్యులు మువ్వురు మాత్రమే. ఆయనకు రత్నగిరికి బదిలీ కాగా సంఘము అంతటితో ముగిసెను. ఆధునిక నగ్నసంఘములలో చరిత్రకెక్కిన మొదటిది ఇదియే.

అంతకు నాలుగేండ్ల క్రితమే, 1887లో, కాశీక్షేత్రమున త్రైలింగస్వామి దేహము చాలించెను. విజయనగర ప్రాంతమున జన్మించిన ఆ తెలుగు అవధూత గంగాతీరమున దిగంబరుడై చిరకాలము సంచరించెను. ఆయనకు సంఘము లేదు, సభ్యత్వము లేదు. జాబాలోపనిషత్తు పరమహంసను యథాజాతరూపధరుడనుచు, నిష్పరిగ్రహుడనియు చెప్పును. అట్టివాడు విడిచినవాటిలో వస్త్రము మిక్కిలి చిన్నది.

పాశ్చాత్యుల ఉద్యమమునకు మూలము వైరాగ్యము కాదు, ఆరోగ్యము. ఇది నింద కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివర జర్మనీ నగరములు కర్మాగారముల పొగతో, ఇరుకిండ్లతో, క్షయవ్యాధితో క్రుంగియుండెను. ఎండయు గాలియు ఔషధములని, బిగుతు దుస్తులు రోగహేతువులని కొందరు నమ్మిరి. 1903లో ఉత్తర జర్మనీలోని క్లింగ్‌బెర్గ్‌లో ఇందుకై ఒక ఉద్యానము వెలసెను. 1920ల దశకమున బెర్లినులో అడోల్ఫ్ కోఖ్ శ్రామికులకు వివస్త్ర వ్యాయామము నేర్పెను. 1933లో నాజీ ప్రభుత్వము ఆంక్షలు విధించెను. 1954లో తూర్పు జర్మనీ బాల్టిక్ తీరమున నిషేధింపగా ప్రజలు ఒప్పుకొనలేదు; 1956లో ప్రభుత్వమే తలయొగ్గెను.

రాజశాసనములకు లొంగనిది తరము మారగా సడలినది. 1949లో ఏర్పడిన జర్మన్ సమాఖ్యలో గత పాతికేండ్లలో సభ్యులు సుమారు సగమైరి. మిగిలినవారిలో వృద్ధులే అధికులు. తీరములలో స్వేచ్ఛ లభించినపిదప చందా కట్టి సంఘమున చేరుట ఎందుకను వారు కొందరు. అయితే ముఖ్యకారణము సెల్‌ఫోను. ఒక్క క్షణపు చిత్రము లోకమంతయు తిరుగును. పైగా సుందరదేహముల చిత్రములను నిత్యము చూచు యువతకు తమ దేహమే లోపభూయిష్టమై తోచును. భగవద్గీత హ్రీని, అనగా లజ్జను, దైవీసంపదలో చేర్చెను. ఇది ఆ హ్రీ కాదు, పరుల చూపునకు భయము.

భాగవతమున శుకుడు యువకుడు, దిగంబరుడు; వెనుక వచ్చు తండ్రి వ్యాసుడు వృద్ధుడు, వస్త్రధారి. స్నానమాడు స్త్రీలు శుకుని చూచి సంకోచింపలేదు, వ్యాసుని చూచి వస్త్రములు తాల్చిరి. స్త్రీపురుష భేదదృష్టి నీకు కలదు, నీ కుమారునకు లేదని వారు బదులిడిరి. బాల్టిక్ తీరమున నేడు వరుస తలక్రిందులు: పెద్దలు నిస్సంకోచులు, పిల్లలు వస్త్రధారులు. కాని అక్కడి పెద్దల నిస్సంకోచము అభ్యాసజనితము, శుకునిది జ్ఞానజనితము. అభ్యాసమును కుమారునకు అప్పగించుట కష్టము. జ్ఞానమునకైనను గురువు కావలెను.

కుంభమేళాలలో జూనా అఖాడా నేటికిని క్రొత్తవారికి నాగదీక్ష నొసగుచున్నది. దీక్షకు ముందు వారు తమకు తామే పిండప్రదానము చేసికొందురు. కెమెరాలు ఆ తీరమునను కలవు.