కేసరిపప్పు - నాడీకణముల చావు



ముక్తేశ్వరం రేవున నిలిచి కోటిపల్లి వైపు చూచువారికి నీటి సంగతి వేఱుగ చెప్ప నక్కఱలేదు. తూము వేళకు తెఱచి వేళకు మూసినచో చేను పండును. మూతపడకున్నచో ఆ నీరే పైరును కుళ్లించును. మన మెదడులోని నాడీకణముల కథయు నిట్టిదే. ఈ కథ బయటపడుటకు మన దేశపు పేదవాని పప్పు ఒకటి తోడ్పడినది.

నేటి మధ్యప్రదేశములోని సాగరు ప్రాంతమున 1829 మొదలు మూడేండ్లు వరుసగా వడగండ్లు, అనావృష్టి, తెగులు వచ్చి గోధుమ నాశనమయ్యెను. కేసరి మాత్రము ఏపుగా పెరిగెను. జనులు దానినే తినిరి. 1833లో ముప్పదియేండ్ల లోపువారికి నడుము క్రింద కాళ్లు పడిపోవ మొదలిడెనని స్లీమన్ అను ఆంగ్లేయాధికారి 1844లో అచ్చయిన తన గ్రంథమున వ్రాసెను. పడిన కాళ్లు మరల లేవవు. తరువాతి కాలమున రీవా ప్రాంతమున పాలేళ్లకు కేసరి కలిసిన గింజలనే కూలిగా కొలుచుచుండిరి. తినవద్దని వారికి బోధించి యేమి లాభము?

బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో యస్. ఎల్. ఎన్. రావు, పి. ఆర్. అడిగ, పి. ఎస్. శర్మ గారలు ఆ గింజలోని విషమును వేఱుచేసి, దాని నిర్మాణమును 1964లో ప్రకటించిరి. రావుగారు పిమ్మట హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయమున పనిచేసిరి. ఆ విషము గ్లూటమేటును పోలియున్నది. గ్లూటమేటన్ననో పరాయిది కాదు; ఒక నాడీకణము మఱియొక దానిని మేల్కొలుపుటకు పంపు వార్తాహరుడే. 1969లో అమెరికాలో జాన్ ఆల్నీ అను వైద్యుడు ఈ పదార్థమునే ఎలుకపిల్లలకు అధికముగా ఎక్కింపగా, వాని మెదడులో కొన్ని కణములు చచ్చెను.

చచ్చు విధ మెట్టిది? గ్లూటమేటు తాకగనే కణము పైపొరలోని తూములు తెఱచుకొని సోడియము, కాల్షియము లోనికి వచ్చును. వెలుపలి కాల్షియములో పదివేల వంతు మాత్రమే లోపల నుండవలెను. తూములు మూతపడనిచో అది పొంగి, మాంసకృత్తులను కోయు ద్రవ్యములను మేల్కొలుపును. కణము తన్ను తానే కొఱుకుకొనును.

వచ్చిన దానిని తోడిపోయుటకు కణమునకు ఏతాములు కలవు. వానిని నడపు కూలి ఏ.టి.పి. అను పదార్థము. దానిని 1929లో కనుగొన్నవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. 1895లో భీమవరమున జన్మించి రాజమహేంద్రవరమున చదివినవారు. ఈ గోదావరి బిడ్డ పేరు మన పిల్లలలో ఎందఱెఱుగుదురు?

నెత్తురు గడ్డకట్టి మెదడునకు దారి మూసి పక్షవాతము వచ్చినప్పుడు జరుగున దిదియే. ప్రాణవాయువు లేక ఏ.టి.పి. ఉడుగును, ఏతాములు నిలుచును, గ్లూటమేటు ఒలికి ప్రక్కకణములను చంపును. ఆ తూములను మూయు మందులు ఎలుకలలో ఫలించినను మనుష్యులలో ఫలింపలేదు. కావున గడ్డ కరిగించు మందే ముఖ్యము. అదియు తగినవారికే, సాధారణముగా నాలుగున్నర గంటలలోపున పడవలెను. మూతి వంకర తిరిగినను, చేయి పడినను, మాట తడబడినను ఆ గంటలు అప్పుడే మొదలయినవి.