చిల్లిగవ్వ, బాక్స్‌వాలా: తేలికమాటల వెనుక చరిత్ర

చౌకబారు సరుకును, పనికిరాని తళుకుబెళుకులను సూచించే పేర్లు పాత ఆంగ్లంలో అనేకం. ‘టాడ్రీ’, ‘బ్రమ్మజెమ్’ వాటిలో ప్రసిద్ధమైనవి. ఒకప్పుడు ఆదరణ పొందినదే కాలక్రమంలో చులకన కావడం ఈ మాటల చరిత్రలో కనిపిస్తుంది. 1911 వరకు బ్రిటిష్ ఇండియా రాజధానిగా ఉన్న కోల్‌కతాలోనూ ఇందుకు నిదర్శనాలున్నాయి.

ఇంగ్లండ్‌లోని ఈలీ పట్టణంలో 7వ శతాబ్దానికి చెందిన సెయింట్ ఆడ్రీ పేరిట సంత జరిగేది. అక్కడ అమ్మే పట్టు మెడపట్టీలకు ఆమె పేరే స్థిరపడింది. నాసిరకం సరుకు పెరిగాక, పుణ్యవతి పేరు నుంచి పుట్టిన ‘టాడ్రీ’ అనే మాటకు వెలితి మెరుపు అనే అర్థం మిగిలింది. ‘బ్రమ్మజెమ్’ అన్నది బర్మింగ్‌హామ్ నగరానికి వాడుక పేరు. 17వ శతాబ్దంలో అక్కడ తయారైన నకిలీ నాణేల వల్ల ఆ పేరు బూటకానికి పర్యాయపదమైంది.

ఆంగ్లేయుల ఇళ్లకు పెట్టెలో చిల్లర సామాన్లు తెచ్చి అమ్మే వర్తకుడు ‘బాక్స్‌వాలా’. భారతీయ పదాలతో కూర్చి 1886లో ప్రచురించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో ఈ పదం ఉంది. తరువాత ప్రభుత్వాధికారులు కోల్‌కతాలోని బ్రిటిష్ వ్యాపారులను ఎగతాళిగా ఇదే పేరుతో పిలిచారు. స్వాతంత్ర్యానంతరం పెద్ద కంపెనీల్లోని భారతీయ ఉన్నతోద్యోగులకూ ఆ పేరు సంక్రమించింది.

గవ్వ చరిత్ర మరింత లోతైనది. మాల్దీవుల నుంచి ఓడల్లో వచ్చిన గవ్వలు బెంగాల్‌లో శతాబ్దాల పాటు నాణేలుగా చెలామణీ అయ్యాయి. 4 గవ్వలు ఒక గండా, 20 గండాలు ఒక పణం, 4 పణాలు ఒక అణా. ఆ లెక్కన రూపాయికి 5,120 గవ్వలు. 18వ శతాబ్దం చివర సిల్హెట్ జిల్లా శిస్తు సైతం గవ్వల్లోనే వసూలై, పడవలపై ఢాకాకు చేరేది. పేదవాని సంతబేరం నుంచి కంపెనీ ఖజానా దాకా అదే ద్రవ్యం.

వెండి, రాగి నాణేలు స్థిరపడ్డాక గవ్వ విలువ పోయింది. అయినా బెంగాలీలో ‘కానాకొడి’, తెలుగులో ‘చిల్లిగవ్వ’ నిలిచాయి. రెండింటికీ చిల్లుపడిన గవ్వ అనే అర్థం. ఆంగ్లంలో ఈ స్థానం పెన్నీలో నాలుగో వంతైన ‘ఫార్దింగ్’ది. 1960తో ఆ నాణెం చెలామణీ ముగిసింది.

భారత్‌లో 25 పైసలు, అంతకు తక్కువ విలువ గల నాణేలు 2011 జూన్ 30తో రద్దయ్యాయి. 1957లో వచ్చిన ‘నయాపైసా’ మాత్రం తెలుగువారి మాటల్లో ఇంకా చెలామణీ అవుతూనే ఉంది.