పిడికెడు బియ్యం, సంఘాధికారం: డోర్నకల్ డయాసిస్‌లో గృహనిర్వాహకత్వ బోధ (1912–1945)

ప్రతిపాదన

తెలుగు క్రైస్తవ సంఘాల చరిత్రలో మిషనరీల రాక, బాప్తిస్మాల లెక్క, బడులూ ఆసుపత్రుల స్థాపన గురించి చాలా చదువుతాం. సంఘాన్ని పోషించిన కానుక ఏ ఇంటి నుంచి వచ్చింది, ఇచ్చినవారి మాట సంఘంలో ఎంతవరకు చెల్లింది అన్న ప్రశ్నలకు మాత్రం తక్కువ చోటు దొరికింది. ఈ రెండు ప్రశ్నలనూ కలిపి చూడటానికి డోర్నకల్ డయాసిస్ చరిత్ర తగిన ఉదాహరణ. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 నుంచి 1945 దాకా అక్కడ పనిచేశారు. ఆ కాలంలో విశ్వాసం, గృహనిర్వాహకత్వం, ఆత్మీయ అధికారం మూడూ ఒకే బోధలో భాగాలయ్యాయి. పేదవాడి చేత ఇప్పించడం అక్కడ ధనసేకరణ కోసమే జరగలేదు. సంఘం తనదని అతను అనుకునేలా చేయడం దాని ఉద్దేశం. అయితే ఇచ్చేవారికి బాధ్యత పెరిగినంత వేగంగా అధికారం పెరగలేదు. ఆ బోధ బలమూ పరిమితీ రెండూ ఇక్కడే ఉన్నాయి.

గ్రంథ ఆధారం

బైబిలు ప్రకారం మనిషి ఆస్తికి యజమాని కాడు, దాన్ని చూసుకునే గృహనిర్వాహకుడు. భూమి దేవునిదనీ, ఇశ్రాయేలీయులు దానిమీద పరవాసులనీ లేవీయకాండము 25వ అధ్యాయం చెబుతుంది. అందుకే అక్కడ భూమిని శాశ్వతంగా అమ్మడం నిషిద్ధం. లూకా సువార్త 12వ అధ్యాయంలోని గృహనిర్వాహకుడు తోటి పనివారికి వేళకు భోజనం పెట్టాల్సినవాడు. యజమాని ఆలస్యం చేస్తున్నాడని వారిని కొట్టడం మొదలుపెడితే అతనికి శిక్ష తప్పదు. ఎవరికి ఎక్కువ అప్పగించారో వారినే ఎక్కువ అడుగుతారన్నది ఆ ఉపమానం సారం.

దశమభాగం గురించి మాట్లాడేవారు ఎక్కువగా మలాకీ గ్రంథం దగ్గర ఆగిపోతారు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం వారికి అంతగా గుర్తురాదు. మూడేళ్లకోసారి ఆ భాగాన్ని ఊళ్లోనే ఉంచి లేవీయుడికీ, పరదేశికీ, తండ్రిలేనివారికీ, విధవరాలికీ కడుపునిండా పెట్టాలన్నది అక్కడి విధి. అంటే దశమభాగంలో పేదల వాటా ధర్మశాస్త్రంలోనే రాసి ఉంది.

అధికారం విషయంలోనూ ఇదే తీరు. పేతురు మొదటి పత్రిక 5వ అధ్యాయం పెద్దలకు రెండు హెచ్చరికలను పక్కపక్కనే ఇస్తుంది: డబ్బు ఆశతో మందను కాయవద్దు, మందమీద పెత్తనం చేయవద్దు. ఈ రెంటినీ పేతురు విడదీయలేదు. యెరూషలేము పేదల కోసం పోగైన సొమ్మును పౌలు ఒంటరిగా తీసుకుపోలేదు. నింద రాకూడదని, సంఘాలు ఎన్నుకున్న మనుషుల్ని వెంటబెట్టుకున్నాడు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాండ్రకు జరిగే రోజువారీ పంపకంలో పక్షపాతం ఉందన్న ఫిర్యాదు వచ్చినప్పుడు అపొస్తలులు ఆ పని తామే పట్టుకుని కూర్చోలేదు. ఏడుగురిని ఎన్నుకొమ్మని సంఘానికే అప్పగించారు. ఆత్మీయ అధికారం ఎంత పెద్దదైనా లెక్కకు అతీతం కాదని ఆది సంఘం ఆచరణలో చూపింది.

డోర్నకల్ నేపథ్యం

అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళైలో పుట్టారు. వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేస్తూ 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు సొంతంగా మిషన్ నడుపుతుండటం చూశారు. మరుసటి ఏడాదే తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. 1905 డిసెంబరు 25న సీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. భారతీయ మనుషులు, భారతీయ ధనం, భారతీయ నాయకత్వం: ఈ మూడూ ఆ ప్రయత్నాలకు పునాది.

తిరునెల్వేలి సొసైటీ ఎంచుకున్న సేవాక్షేత్రం నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. 1909లో అజరయ్య తానే అక్కడికి వచ్చారు. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో విదేశీ మిషనరీలకూ స్వదేశీ పనివారికీ మధ్య ఉన్న దూరాన్ని ఎత్తిచూపి, వారి త్యాగానికి కృతజ్ఞత చెబుతూనే తమకు కావలసింది స్నేహమని అడిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు.

ఆ డయాసిస్ విశ్వాసుల్లో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. కూలి గింజల రూపంలో ముట్టేది. వెట్టి, అప్పు కింద జీతానికి కుదరడం నిత్య జీవితంలో భాగాలు. అప్పు తీరేదాకా, కొన్నిసార్లు తరాల తరబడి, ఆసామి దగ్గర కట్టుబడి ఉండే భగేలా పద్ధతిని అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లో చట్టం తేవలసివచ్చింది. చేతిలో నగదు ఆడని ఈ మనుషులకే గృహనిర్వాహకత్వం బోధించాలి.

ఇవ్వడం అనే శిక్షణ

గ్రామ సంఘాల్లో ఇది వంటింట్లో మొదలైంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. వారం చివర అది మందిరానికి చేరుతుంది. మిజో సంఘాల్లో ‘బుహ్‌ఫై థామ్’ అనే పేరుతో ఇదే పద్ధతి నేటికీ ఉంది. పంట ఇంటికొచ్చాక కోత పండుగ. ధాన్యం, కోళ్లు, గుడ్లు, గుమ్మడికాయలు మందిరంలో రాశిపడతాయి. ఆరాధన తర్వాత వేలం వేసి, వచ్చిన డబ్బు సంఘ ఖర్చుకు జమ చేస్తారు. నగదు లేదన్న కారణంతో ఏ ఇల్లూ ఇచ్చేవారి వరుస నుంచి తప్పిపోకుండా ఈ రెండు పద్ధతులూ చూశాయి.

ఆకలితో ఉన్నవారిని అడగడం న్యాయమా అన్నది సహజమైన ప్రశ్న. అజరయ్య ఈ విషయంపై ‘క్రిస్టియన్ గివింగ్’ అనే పుస్తకమే రాశారు. ఆయన మరణానంతరమూ అది పునర్ముద్రణ పొందింది. పౌలు మెచ్చుకున్న మాకెదొనియ సంఘాలు నిరుపేద సంఘాలన్న సంగతి ఈ చర్చలో కీలకం. ఎప్పుడూ పుచ్చుకునేవాడిగానే ఉన్న మనిషి ఇచ్చేవాడిగా మారితే, అతను తనను తాను చూసుకునే తీరు మారుతుంది. దొర ముందు చేయి చాచిన కూలివాడే మందిరంలో దాత. సామాజిక దృష్టితో చూసినా ఇది చిన్న మార్పు కాదు.

కానుకతోనే బోధ ఆగి ఉంటే అది వసూలుగా మిగిలేది. అజరయ్య ఊరూరా తిరుగుతూ నాలుగు దయ్యాల గురించి హెచ్చరించేవారు: మురికి, రోగం, అప్పు, తాగుడు. కల్లు మానితే మిగిలే పైసా, అప్పు చేయకుండా ఆపిన పెళ్లి ఖర్చు, ఇల్లూ ఒళ్లూ శుభ్రంగా ఉంచుకోవడం వల్ల తప్పిన జబ్బు, ఇవన్నీ ఆ బోధలో గృహనిర్వాహకత్వం కిందికే వస్తాయి. మందిరానికి ఇచ్చిన భాగం ఎంత ముఖ్యమో, ఇంట్లో మిగిలిన భాగాన్ని వాడే తీరూ అంతే ముఖ్యం.

సాక్ష్యం చెప్పే అధికారం

డోర్నకల్‌లో మరో ఆచారం ప్రసిద్ధి. బాప్తిస్మం పొందినవారు తమ తలమీద చేయి పెట్టుకుని, తాము బాప్తిస్మం పొందిన క్రైస్తవులమనీ, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అనీ పలకాలి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయం దీనికి ఆధారం. పౌలు తన అపొస్తలత్వం గురించి చెప్పుకున్న మాటను అజరయ్య అక్షరం రాని కూలి స్త్రీ నోట పెట్టారు. ఊళ్లో నోరెత్తే హక్కు లేని మనిషికి మాట్లాడటం విధి అయింది.

1920, 30 దశకాల్లో ఈ ప్రాంతంలో శూద్ర కులాలవారు కూడా సంఘంలో చేరడం మొదలైంది. మాల, మాదిగ పాలేల్లో మారిన జీవితాలను కళ్లారా చూడటం అందుకు ముఖ్య కారణమని అజరయ్య వాదించారు. గాంధీ ఈ వాదాన్ని ఒప్పుకోలేదు. సామూహిక మతమార్పిడులను ఆయన తీవ్రంగా విమర్శించారు. ఆ వివాదం ఈ వ్యాస పరిధికి మించినది. పాలెం మనిషి స్వయంగా నిర్ణయం తీసుకోగలడా అన్న ప్రశ్న మాత్రం దాని మధ్యలో ఉంది. అజరయ్య ఆచరణ ఆ సామర్థ్యాన్ని ముందే ఒప్పుకుని మొదలైంది.

వైరుధ్యాలు

ఇంత చేసినా డయాసిస్ పూర్తిగా స్వయంపోషకం కాలేదు. 1940ల నాటికి విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఊరికో ఉపదేశి, బడి, గురువుల జీతాలు కావాలి. ఇంగ్లండు మిషన్ సంఘాల సహాయం లేకుండా అవి నడవలేదు. విదేశీ ధనం ఉన్నంతకాలం నిర్ణయాల్లో విదేశీ మాట కూడా ఉంటుంది.

రెండో వైరుధ్యం లోపలిది. పిడికెడు బియ్యం తీసింది స్త్రీ. దాని ఖర్చు నిర్ణయించే సంఘపెద్దల వరుసలో, బలిపీఠం దగ్గర ఆమెకు చోటు లేదు. ఒకప్పుడు డోర్నకల్ డయాసిస్‌లో భాగమైన నంద్యాలలో ఇ. పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘపు తొలి మహిళా బిషప్ కావడానికి 2013 దాకా ఆగవలసివచ్చింది.

మూడోది బిషప్ పదవి స్వభావం. అజరయ్య వ్యక్తిగత నిరాడంబరత నిస్సందేహం. కాని ఒక మనిషి నిజాయితీమీద నిలిచిన వ్యవస్థ ఆ మనిషి తర్వాత ఎలా ఉంటుందో ముందుగా చెప్పలేం. పౌలు తన నిజాయితీని నమ్ముకుని ఊరుకోక సాక్షుల్ని వెంట తీసుకెళ్లాడన్నది ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

ముగింపు

1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ ఎపిఫనీ కెథెడ్రల్‌లో గుడి స్తంభాల పోకడ, మసీదు గుమ్మటాల పోకడ కలిసి కనిపిస్తాయి. స్వదేశీ సంఘం గురించిన చర్చ తరచూ ఇలాంటి కట్టడాల దగ్గరే ఆగుతుంది. అజరయ్య బోధలో అంతకంటే లోతైన స్వదేశీయత కోత పండుగలోనూ, బియ్యం కుండలోనూ ఉంది.

ఇవాళ తెలుగు టీవీ ప్రసంగాల్లో కానుకను నూరంతల రాబడి ఇచ్చే విత్తనంగా చెప్పే బోధ బలంగా వినిపిస్తోంది. డోర్నకల్ బోధకూ దీనికీ మౌలికమైన తేడా ఉంది. అక్కడ ఇచ్చేవాడు బాధ్యత గల సభ్యుడయ్యాడు; ఇక్కడ లాభం ఆశించే మదుపరి అవుతున్నాడు. బోధకుడు లెక్క చెప్పడం అవిశ్వాసమన్నట్టు, లెక్క అడగడం తిరుగుబాటన్నట్టు మాట్లాడటం ఈ కొత్త బోధతో కలిసి పెరిగింది. గ్రంథ ఆధారం దీనికి పూర్తిగా వ్యతిరేకం.

కోత పండుగనాడు కానుకలు తెచ్చే వరుస ఉన్న ప్రతి సంఘంలో, అదే రోజు అదే మందిరంలో, గడిచిన ఏడాది జమాఖర్చులు చదివి వినిపించే పద్ధతి కూడా ఉండాలి. ఆ లెక్క వినే, ప్రశ్నించే హక్కు బియ్యం తెచ్చిన ఇల్లాలికీ ఉండాలి. అజరయ్య మొదలుపెట్టిన పని అప్పుడే పూర్తయినట్టు.