ఏఏసీఎం సంగీత పాఠశాల, షికాగో

అమెరికాలోని షికాగో నగరం దక్షిణ ప్రాంతంలో నల్లజాతి సంగీతకారులు లాభాపేక్ష లేకుండా నడిపిన ఉచిత సంగీత పాఠశాల ఇది. 1965లో ఏర్పడిన అసోసియేషన్ ఫర్ ది అడ్వాన్స్‌మెంట్ ఆఫ్ క్రియేటివ్ మ్యుజీషియన్స్ (ఏఏసీఎం) దీన్ని 1967లో ప్రారంభించింది.

ఒకప్పుడు ఆ ప్రాంతంలో జాజ్ క్లబ్బులకు కొదవ లేదు. 1950ల చివరికొచ్చేసరికి అవి ఒక్కొక్కటే మూతపడ్డాయి. జూక్‌బాక్సులో నాణెం వేస్తే పాట వస్తుంటే, జీతమిచ్చి బృందాన్ని పెట్టుకోవడం యజమానులకు దండగనిపించింది. మిగిలిన క్లబ్బుల్లో అడిగిన పాటలే వాయించాలి. పియానో వాద్యకారుడు ముహల్ రిచర్డ్ ఏబ్రమ్స్ 1960ల మొదట్లో 'ఎక్స్‌పెరిమెంటల్ బ్యాండ్' పేరుతో ఒక బృందాన్ని కూడగట్టాడు. అందులో డబ్బు లేదు. ఎవరి రచన వాళ్లు తెచ్చి, అందరి చేతా వాయింపజేసుకుని వినవచ్చు. ఏబ్రమ్స్ విద్య కూడా చాలావరకు పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నదే.

1965 మే నెలలో ఫిల్ కోరాన్ ఇంట్లో ఏఏసీఎం తొలి సమావేశం జరిగింది. ఏబ్రమ్స్, కోరాన్‌లతో పాటు జోడీ క్రిస్టియన్, స్టీవ్ మెకాల్ వ్యవస్థాపకులు. చర్చంతా ఒక విషయం చుట్టూ తిరిగింది: కచేరీలో సొంత రచనలే వాయించాలా, అందరికీ తెలిసిన పాత పాటలకూ చోటివ్వాలా? చివరికి సొంత రచనలకే కట్టుబడ్డారు. ఇది కళాదర్శం మాత్రమే కాదు. పరాయి పాట ఎంత గొప్పగా వాయించినా, రచయితకు చెందే రాయల్టీ వాయించినవాడికి రాదు. కచేరీల నిర్వహణ కూడా తామే చూసుకున్నారు. హాలు మాట్లాడటం, పోస్టర్లు అంటించడం, గుమ్మం దగ్గర టికెట్లు తీసుకోవడం సభ్యుల పనే. ఆ ఏడాదే ఇల్లినాయ్ రాష్ట్రంలో లాభాపేక్ష లేని సంస్థగా నమోదయ్యారు. యువతకు ఉచిత శిక్షణ, సంగీతకారులకు ఉపాధి సంస్థ లక్ష్యాల్లోనే ఉన్నాయి.

పాఠశాల శనివారాల్లో నడిచేది. బోధించేది సభ్యులే. స్వరరచనను ఏళ్ల తరబడి వాద్యసాధన తర్వాత అందే ఫలంగా కాక, వాద్యంతో పాటే నేర్పడం దీని ప్రత్యేకత. జమైకా నుంచి వచ్చిన డగ్లస్ యూవర్ట్, ట్రాంబోన్ వాద్యకారుడు జార్జ్ లూయిస్ ఇక్కడ నేర్చుకున్నవారే.

1969లో పలువురు సభ్యులు పారిస్ వెళ్లారు; సభ్యుల బృందమైన ఆర్ట్ ఎన్‌సెంబుల్ ఆఫ్ షికాగోకు పేరొచ్చింది అక్కడే. 1970లలో మరికొందరు న్యూయార్క్ చేరారు. తర్వాతి దశాబ్దంలో అక్కడా శాఖ ఏర్పడింది. తొలినాళ్లలో సంస్థలో స్త్రీలు బహు తక్కువ. అమీనా క్లాడిన్ మైయర్స్ వంటి ఒకరిద్దరే కనిపిస్తారు. వేణు వాద్యకారిణి నికోల్ మిచెల్ అధ్యక్షురాలు కావడానికి దశాబ్దాలు పట్టింది. సభ్యుడు హెన్రీ థ్రెడ్‌గిల్ 2016లో పులిట్జర్ బహుమతి అందుకున్నాడు. సంస్థ చరిత్రను లూయిస్ 2008లో పెద్ద గ్రంథంగా వెలువరించాడు. తొలి సమావేశాల టేపులు అందుకు ఆధారమయ్యాయి.

రచనపై హక్కు, కచేరీపై అజమాయిషీ ఈ సంస్థ సాధించిపెట్టింది. ఉపాధి విషయంలో మాత్రం అనుకున్నంత జరగలేదు. ఆంథొనీ బ్రాక్స్‌టన్, వాడాడా లియో స్మిత్, రాస్కో మిచెల్, లూయిస్ వంటి ప్రముఖులు కూడా తర్వాతి కాలంలో విశ్వవిద్యాలయాల్లో, కళాశాలల్లో అధ్యాపకులుగా పనిచేశారు.