గుండ్లకమ్మ నామ విచారము

నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరము చెంత పుట్టి, కంభము చెరువును నింపి, మార్కాపురము మీదుగా అద్దంకి చేరి, తుదకు ఒంగోలు సీమలో సముద్రమున గలియు గుండ్లకమ్మను, ప్రత్తియు మిరపయు పండించు నల్లరేగడి రైతు ఏఱనియే పిలుచును గాని నది యనడు. వేసవిలో ఇసుకను చేతులతో తోడి, చెలమలో ఊరిన నీటిని చిప్పతో బిందెకెత్తు స్త్రీలకు ఆ పేరు పుట్టుపూర్వములతో పనిలేదు. చరిత్రాభిమానికి మాత్రము అందు రెండు చిక్కుముడులు కలవు.

ఉత్తరపదమగు ‘కమ్మ’ శాసనములలో దేశనామముగా మొదట కనబడుచున్నది. క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకు వీరపురుషదత్తుని కాలమున వెలసిన జగ్గయ్యపేట ప్రాకృత శాసనము ‘కమ్మాకరథ’మును బేర్కొనినది, పల్లవ కుమారవిష్ణుని చేందలూరు రాగిరేకులలో అదియే కమ్మాంకరాష్ట్రమైనది, తరువాతి సంస్కృత శాసనకర్తలు, ప్రాకృత ‘కమ్మ’కు ‘కర్మ’ మూలమని తలంచిరి కాబోలు, దానిని కర్మరాష్ట్రముగా దిద్దిరి, తెలుగువారి నోట మాత్రము అది కమ్మనాడుగానే నిలిచెను. నాటినిబట్టి యేటికి పేరు వచ్చెనా, ఏటినిబట్టి నాటికా యని పండితులలో వాదము కలదు. నాటి పేరే ముందు దొరకుటచేత మొదటి పక్షము నెగ్గినట్లు కాదు. దానశాసనము భూమి యెల్లలు చెప్పుటకు పుట్టినది గాని నీటి వంశావళి వ్రాయుటకు గాదు. సింధువునుబట్టి కదా ఈ దేశమునకే హిందూదేశమను పేరు వచ్చినది! నా మట్టుకు ఏఱే ముందని తోచును.

ఇక పూర్వపదము. ‘గుండము’ అనగా మడుగు, ‘గుండు’ అనగా నునుపుదేలిన రాయి. గుండమునుండి ‘గుండాల’ యను రూపము రావలెను. ‘గుండ్ల’ యనునది గుండునకే చెల్లును. వరదకు దొరలి గుండ్రనైన రాళ్ళు కొండయేళ్ళకు సహజాభరణములే గనుక వ్యాకరణమును ప్రకృతియు ఇచ్చట ఏకవాక్యముగా నున్నవి.

పండరంగని పద్యశాసనము (సుమారు క్రీ.శ. 848) వెలసిన అద్దంకియే, 1325 ప్రాంతమున ప్రోలయ వేమారెడ్డికి రాజధాని యయ్యెను. రెడ్డిరాజుల నాటి సంస్కృత శాసనములలో ఈ యేటి పేరు ‘బ్రహ్మకుండి’. గుండ్ల బ్రహ్మేశ్వరమును తలక్రిందు చేసినచో బ్రహ్మకుండి యగుట గమనింపదగును. సంస్కృతనామము తెలుగు పేరునకు మాతృక యనువారితో నేను ఏకీభవింపజాలను. కవి తెలుగు పేరునకు తొడిగిన పట్టుబట్ట యది.

పెద్దపేరు శాసనములకెక్కి బ్రతికినది. రేవుల పేర్లు, మడుగుల పేర్లు, ఇందు గలియు పిల్లవాగుల పేర్లు వృద్ధుల నాలుకలపైనే యున్నవి. ఈ యేటి యొడ్డు గ్రామములవారు వానిని అడిగి, విన్నది విన్నట్లు వ్రాసియుంచవలెనని నా మనవి.